డీన్ వెళ్ళలేని నాలుగడుగులు

థార్న్‌లీ టౌన్ ఫుట్‌బాల్ క్లబ్బు మైదానంలో ఎడమ మూల జెండా ఉందే, దానికి మంచి పేరు లేదు. పదేళ్ళలో ముగ్గురు వింగర్లు, అంటే పక్క గీత వెంట బంతి తీసుకుపోయే ఆటగాళ్ళు, అక్కడే కూలారు. ఎవరూ కాలు అడ్డం పెట్టలేదు, ఎవరూ తోయలేదు... పరిగెత్తుకుంటూ వెళ్ళడం, మోకాలు పట్టుకుని పడిపోవడం, అంతే. మూడోవాడు పడ్డాక ఒకటే మాట అన్నాడట — "కింద నుంచి ఎవరో పట్టుకున్నారు" అని.

నొప్పిలో ఏదో వాగాడులే అన్నారంతా. అన్నవాళ్ళెవరూ మాత్రం చీకటి పడ్డాక ఆ మూలకి వెళ్ళేవాళ్ళు కాదు.

నాలుగోవాడు డీన్ హాల్‌షా. అతని సంగతి నేను విన్నది విన్నట్టు చెబుతున్నా, నమ్మడం మానడం మీ ఇష్టం.

డీన్‌కి ముప్పై నాలుగేళ్ళు. నాలుగో డివిజన్, ఐదో డివిజన్, మళ్ళీ నాలుగో డివిజన్... పదహారేళ్ళు అలాగే గడిచాయి. ఏడు ఊళ్ళు మారాడు గానీ ఎడమ పక్క మారలేదు. థార్న్‌లీకి వచ్చి మూడేళ్ళు. మే నెలతో కాంట్రాక్టు అయిపోతుంది. ఆ వయసు వింగర్ని ఇంకెవరు తీసుకుంటారు? బావమరిది తన కార్పెట్ల గోడౌన్లో పని ఉందంటున్నాడు. ఆ మాట ఎత్తితే డీన్ లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. బంతి తన్నడం తప్ప ఇంకేదీ రాదు పాపం ఆ మనిషికి.

మేనేజర్ గ్రీవ్స్‌కి మొహమాటాలు లేవు. సోమవారం పిలిచి మొహమ్మీదే అడిగేశాడు.

"జోరుగా వెళ్తావు, మూల ఇంకో నాలుగడుగులుందనగా వెనక్కి తిరుగుతావు. ఏంటి, నీకూ దెయ్యమేనా?"

"అదేం లేదు బాస్."

"అయితే శనివారం చూపించు. ఈ సీజన్‌కి అదే ఆఖరి ఆట. గీత దాకా వెళ్ళి బంతి లోపలికి కొట్టావా, ఇంకో ఏడాది ఉంటావు. లేదంటే కార్పెట్లు మోసుకో."

అదొక్కటే కాదు. ఆ మూల కంచె దగ్గర క్లెగ్ అనే ముసలాయన నిలబడేవాడు. చేతిలో టీ, నోట్లో మాంసం కూరిన రొట్టె, అయినా ఆ గొంతు మైదానమంతా వినబడేది. "గీత దాకా పోరా, దద్దమ్మా" — మూడేళ్ళుగా ఇదే పాట. డీన్ ఏనాడూ తలెత్తి అటు చూడలేదు. సిగ్గేసేది.

గురువారం చీకటి పడ్డాక డీన్ ఒక్కడే మైదానానికి వచ్చాడు. బంతి లేకుండా, జనం లేకుండా, ఆ మూలకి పదిసార్లు పరిగెత్తితే భయం పోతుందనుకున్నాడు. దీపాలు లేవు. సన్నగా వాన. సగం దూరం వెళ్ళాడో లేదో...

జెండా కింద ఏదో కదిలింది.

నేలకి అంటుకున్నట్టు మినుకుమినుకుమనే వెలుగు. దాని పక్కన మోకాళ్ళ మీద ఒక ఆకారం... గొణుగుతోంది. చేతులతో మట్టి తవ్వుతోంది. పరిగెత్తడమే బతుకుగా బతికినవాడికి కాళ్ళు కదల్లేదు.

ఆ ఆకారం తల తిప్పింది.

"నువ్వా అబ్బాయ్... గుండె ఆగిపోయిందనుకో."

నార్మన్. ముప్పై ఏళ్ళుగా ఆ గడ్డిని సాకుతున్న ముసలాయన. పక్కన టార్చి, తాపీ, ఒళ్ళో మూతపెట్టిన చిన్న డబ్బా.

"ఏంటిది పెద్దాయనా?"

నార్మన్ డబ్బా మీది వాన నీళ్ళు తుడిచాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. "బూడిద. మన అభిమానులది. పోయాక ఇక్కడే కలపమని రాసి పోతారు. గడ్డి మాడిపోతుందని క్లబ్బు వద్దంది. కానీ పెళ్ళాలూ పిల్లలూ డబ్బా పట్టుకుని నా గుమ్మంలో నిలబడి ఏడుస్తుంటే ఎలా కాదనేది? ఈ మూలైతే ఎవరికీ కనబడదని..."

"ఎంతమందిని?"

"ఈయనతో ముప్పై ఎనిమిది. అన్నిసార్లు తవ్వి పూడ్చానా, లోపల గుల్లైపోయింది. ఆ ముగ్గురు కుర్రాళ్ళ మోకాళ్ళూ నా పాపమే."

డీన్‌కి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. దెయ్యం లేదు, గుల్ల నేల ఉంది. అంతే.

"శనివారం నాకు చావో రేవో పెద్దాయనా. గట్టి చేసిపెట్టు."

"రేపు పొద్దుట్నుంచీ రోలర్ తిప్పుతా. బండలా ఉంటుంది, నాది పూచీ."

వెళ్ళబోతూ డీన్ ఊరికే అడిగాడు. "ఈయనెవరు?"

"క్లెగ్. నిన్ను తెగ తిట్టేవాడే, ఆయన."

"అయ్యో... ఎప్పుడు పోయాడు? మొన్న శనివారం కూడా తిట్టాడుగా."

నార్మన్ చేతిలో తాపీ ఆగిపోయింది.

"ఆయన పోయింది జనవరిలో, అబ్బాయ్. ఇన్నాళ్ళూ కూతురి అల్మారాలో ఉన్నాడు."

శనివారం. వాన తగ్గలేదు, మధ్యాహ్నానికే దీపాలు వేశారు. రెండు జట్లకీ ఒక్క గోలూ లేదు. ఇంకో నాలుగు నిమిషాలుందనగా బంతి డీన్ కాళ్ళ దగ్గరికి వచ్చింది. డిఫెండర్ని దాటేశాడు. ఎదురుగా గీత, గోల్ ముందు చేయెత్తి నిలబడ్డ మనవాడు. నేల బండలా ఉంది, నార్మన్ మాట తప్పలేదు. నాలుగే అడుగులు...

వెళ్ళలేకపోయాడు.

వెళ్ళాలనే అనుకున్నాడు, ఒట్టు. ఒళ్ళు వినలేదు. బంతి దానంతటదే దొర్లుకుంటూ గీత దాటిపోయింది. గ్రీవ్స్ అరవలేదు, తిట్టలేదు. వీపు తిప్పేసి బెంచీ మీద కూర్చున్నాడు. అయిపోయిందని డీన్‌కి తెలిసిపోయింది.

అప్పుడు వినబడింది ఆ గొంతు. కంచె వైపు నుంచి కాదు... కింద నుంచి. మూడేళ్ళలో మొదటిసారి తిట్టలేదు. ఎంతో ఆప్యాయంగా, పసివాణ్ణి పిలిచినట్టు —

"పోనీలేరా అబ్బాయ్... ఇంక మా దగ్గరికి వచ్చెయ్."

పారిపోదామనుకున్నాడు డీన్. ఎడమ కాలు రాలేదు. వంగి చూశాడు.

రోలర్ తిప్పిన ఆ బండ నేలలో, బూటు లేసుల దాకా దిగి ఉంది.