నాలుగున్నరకు లేవని కంప్యూటర్

"మీరు బిగించిన కంప్యూటర్ నిద్ర లేవట్లేదండీ," అన్నాడు రాజశేఖర్, కౌంటర్ మీద రెండు చేతులూ ఆనించి.

"తట్టి చూశారా?" అంది సుందరి తలెత్తకుండా.

దాచేపల్లిలో అబ్దుల్ జబ్బార్ కంప్యూటర్ షాపులో సర్వీసు పనంతా సుందరిదే. మాచవరం దగ్గర పల్లెలో చదువుకుని, డిప్లొమా చేసి, రెండేళ్ల కిందట చేరింది. మాట తక్కువ, గమనింపు ఎక్కువ. సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసే ఈ మనిషి రెండు నెలల్లో ఎనిమిదిసార్లు వచ్చాడనీ, ప్రతిసారీ చొక్కా జేబు అంచున తెల్లటి పొడి ఉంటుందనీ, రిమోట్ బ్యాటరీలు ఎప్పుడూ ఒక్క జతే కొంటాడనీ ఆమెకు తెలుసు. ఎందుకు తెలుసో మాత్రం తనను తాను అడగలేదు.

"మన యాడ్ చూసి వచ్చారా సార్?" జబ్బార్ లోపలి నుంచి కేకేశాడు. లోకల్ ఛానల్‌లో షాపు యాడ్ వేయించిన దగ్గర్నుంచి వచ్చిన ప్రతివాడినీ అడిగే ప్రశ్న అది. ఆ యాడ్ మాట వింటేనే సుందరికి ఒళ్లు మండుతుంది.

రాజశేఖర్ ముఖం ఎర్రబడింది. "లేదు భాయ్. కంప్యూటర్ సంగతే."

టీవీ కింద పెట్టుకునే చిన్న కంప్యూటర్ అది. పని లేనప్పుడు నిద్రపోతుంది. టైము చెప్పి ఉంచితే తనే లేచి, టీవీలో వచ్చే ప్రోగ్రాం రికార్డు చేసి, మళ్లీ నిద్రపోతుంది. ఈ నెలలో చాలా రోజులు లేవలేదట.

"ఎన్నింటికి లేవాలి?"

"నాలుగున్నరకి. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి ఆరవుద్ది."

"ఏం రికార్డు చేస్తారు?"

"ఏదో... లోకల్ ప్రోగ్రాం."

ఆ సాయంత్రం రాజశేఖర్ వాళ్లింట్లో టీవీ ముందు కూర్చుని సుందరి రికార్డింగుల పట్టిక తెరిచింది. సోమవారం, జాహ్నవి. మంగళవారం, జాహ్నవి. శనివారం దాకా ఆరు వరసల్లోనూ అదే పేరు.

"సీరియలా ఇది?"

"కాదు. యాంకర్ పేరు. గుర్తుంటదని పెట్టా."

"బాగానే గుర్తుంటదిలెండి."

జాహ్నవిని సుందరి ఒకసారి చీరల షాపు ఓపెనింగులో చూసింది. జుట్టు విరబోసుకుని, ఎవరు పలకరించినా గలగలా నవ్వే పిల్ల. ఫోన్ చేసినవాళ్లకు పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్తుంది. అంతే ఆ ప్రోగ్రాం.

సుందరి స్క్రూలను అవసరమైనదానికన్నా రెండు తిప్పులు ఎక్కువ బిగించింది. లోపలి తెల్లదుమ్ము ఊదింది. సెట్టింగుల్లో అలారాన్ని ఒకసారి ఆపి, మళ్లీ పెట్టింది.

"రేపటి నుంచి లేస్తాది మీ జాహ్నవి."

"నా జాహ్నవేందండీ!"

ఆమె అప్పటికే చెప్పులేసుకుంది.

కంప్యూటర్ లేవలేదు. గురువారం మధ్యాహ్నం సుందరి మళ్లీ వెళ్లింది. రాజశేఖర్ డ్యూటీలో ఉన్నాడు. వాళ్లమ్మ శాంతమ్మ సీరియల్ చూస్తోంది. ఆమె సీరియల్ అయ్యేదాకా ఆగి, సుందరి ఒక్కొక్కటే పరీక్షించింది. ఎక్కడా లోపం లేదు. సామాను సంచిలో సర్దుకుంటుంటే శాంతమ్మ లేచి, గోడమీద స్విచ్ టక్కున ఆపేసింది. టీవీ, సెట్‌టాప్ బాక్సు, కంప్యూటర్, మూడింటి లైట్లూ ఒక్కసారే పోయాయి.

"రోజూ ఆపుతారా ఆంటీ?"

"ఆపకపోతే ఎట్టా తల్లీ? ఆ లైట్లు ఊరికే కరెంటు తాగుతయ్ గదా. అయిదింటికి మళ్లీ ఏస్తా. కునుకు పట్టిన రోజు మాత్రం ఆపటం మర్చిపోతా."

సుందరికి అంతా అర్థమైంది. గోడ దగ్గర కరెంటు తీసేస్తే ఇక ఏ అలారమూ దాన్ని లేపలేదు. ఒక్క మాట చెబితే చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో ఆ ఆరు వరసలూ కళ్లముందు మెదిలాయి.

"మంచి పని చేస్తన్నారు ఆంటీ," అని వచ్చేసింది.

ఇంటికెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ముసురు ముఖాన కొట్టింది. జాహ్నవి నవ్వుకు అడ్డం పడినందుకు కలిగిన సంతోషం పిడుగురాళ్ల దాకా కూడా మిగల్లేదు. లోపం తెలిసీ ఒక మెషిన్‌ను అలాగే వదిలేసి రావడం ఆమెకు ఇదే మొదటిసారి.

మర్నాడు రాజశేఖర్ షాపుకొచ్చాడు. నీరసంగా ఉన్నాడు.

"నిన్న కూడా లేవలా. ఇక రేపొక్క రోజే ఉంది."

"ఏం, జాహ్నవికి పెళ్లా?"

అతను ఏదో చెప్పబోయి, లోపల జబ్బార్‌ను చూసి, బ్యాటరీలు కొనుక్కుని వెళ్లిపోయాడు. ఒక్క జత.

శనివారం నాలుగుంపావుకు, ఎవరూ పిలవకుండానే, సుందరి వానలో తడుస్తూ వాళ్లింటికి వెళ్లింది. శాంతమ్మ కుర్చీలోనే కునుకు తీస్తోంది. గోడమీద స్విచ్ ఆపి ఉంది. సుందరి దాన్ని వేసి, పని చేస్తుందో లేదో చూద్దామని పాత రికార్డింగు ఒకటి తెరిచింది. నిజానికి ఆ జాహ్నవిలో ఏముందో చూద్దామనే.

'ఆపిన చోటి నుంచి చూస్తారా?' అని అడిగింది కంప్యూటర్. పన్నెండు నిమిషాల నలభై సెకన్లు. ఇంకోటి తెరిచింది. పన్నెండు నిమిషాల ముప్ఫై ఎనిమిది. మూడోదీ అంతే. సరే అని నొక్కింది.

జాహ్నవి లేదు. జబ్బార్ షాపు యాడ్. కౌంటర్ వెనక సుందరి, చేతిలో స్క్రూడ్రైవర్, పరీక్ష హాల్లో కూర్చున్నట్టు ముఖం. బలవంతాన నిలబెట్టి తీశారని ఆమె ఇంతవరకూ చూడని యాడ్.

బొమ్మను అక్కడే ఆపి, అలాగే నిలబడిపోయింది.

"అది... లోకల్ ప్రోగ్రాం," అన్న మాట గుమ్మంలోంచి వినపడింది. రాజశేఖర్ పర్మిషన్ పెట్టి వచ్చినట్టున్నాడు. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి.

"అన్నిట్లోనూ ఇక్కడే ఎందుకు ఆపారు?"

"మిగతా దాంట్లో ఏముంది చూడ్డానికి?"

"మరి ఆరుసార్లు ఆమె పేరు రాశారుగా!"

"నీ పేరు రాస్తే అమ్మ చదవదా?"

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ పట్టించుకోలేదు.

"రోజూ అదే యాడ్ గదా. ఒకటి చాలదా?"

"చాలదు. ఏదో ఒకరోజు నవ్వుతావేమోనని చూస్తన్నా. ఇవ్వాళ్టితో ఆఖరంట, జబ్బార్ భాయ్ చెప్పాడు."

సుందరి నవ్వు ఆపుకోలేకపోయింది. అంతలోనే తల దించుకుంది. "నేనూ ఒకటి చెప్పాలి. మీ అమ్మగారు రోజూ స్విచ్ ఆపేస్తన్నారు. గురువారమే చూశా. చెప్పలా."

"ఎందుకని?"

"ఆ జాహ్నవి గొంతు ఈ ఇంట్లో వినపడకూడదని."

అతను అమ్మ లేస్తుందన్న భయం కూడా లేకుండా పగలబడి నవ్వాడు. "నేను నిన్ను చూట్టానికి పెట్టింది, నా మీద అలిగి నువ్వే ఆపనిచ్చావన్నమాట!"

సుందరి ఉక్రోషంగా రిమోట్ అందుకుని కంప్యూటర్‌ను నిద్రపుచ్చింది. తెర నల్లబడింది. గడియారంలో నాలుగున్నరకు ఒక్క నిమిషం తక్కువ.

ఆ నవ్వుకు శాంతమ్మ కళ్లు తెరిచింది. ఎదురుగా తడిసిన ఇద్దరూ ఉన్నా, ఆమె చూపు ముందు లైట్ల మీదే పడింది. "అయ్యో, ఆపటం మర్చేపోయా!" అని లేచి స్విచ్ మీద చెయ్యి పెట్టింది.

"అమ్మా, ఆగు! ఆపమాక!" అరిచాడు రాజశేఖర్.

"ఆపనియ్యండి. ఇక రికార్డెందుకు, నేనిక్కడే ఉన్నాగా," అంది సుందరి. తర్వాత, చాలా మెల్లగా, "ఆపెయ్యండి అత్తా," అంది.

శాంతమ్మ చెయ్యి స్విచ్ మీదే ఆగిపోయింది. కొడుకు వంక చూసింది. ఆ పిల్ల వంక చూసింది.

"ఏమన్నావే?"

సరిగ్గా అప్పుడే, నాలుగున్నరకు, టీవీ కింద కంప్యూటర్ నీలి లైటు దానంతటదే వెలిగింది.