పుక్కిట పతకం

అమావాస్య... మిట్టమధ్యాహ్నం! భానుడు నడినెత్తికెక్కి మనిషి నీడ కాళ్ల కిందికి ముడుచుకునే ఆ వేళ, శ్మశానంలో అర్ధరాత్రికి ఏమాత్రం తీసిపోదు. విజయవాడ వన్ టౌన్ మీద ఉన్నట్టుండి కారుమేఘాలు కమ్ముకున్నాయి. పట్టపగలు ఎక్కడో గుడ్లగూబ కూసింది... ఫెళఫెళమంటూ పిడుగు పడింది! బందరు నుంచి చేపలు తెచ్చి అమ్ముకునే నాగబాబు, స్పృహ లేని భార్య వినీలను భుజాన వేసుకుని ఒక పాడుబడ్డ గోడౌన్‌లో అడుగుపెట్టాడు.

ఛీ, ఏం కంపది! పుట్టింది మొదలు చేపల మధ్యే బతికినవాడికే డోకొచ్చింది. కుళ్లిన కోడిపేగులు, పులిసిన కల్లు, గడ్డకట్టిన నెత్తురు... వాటి నడుమ, నూనె ఓడుతున్న కపాలం ముందు కూర్చుని ఉన్నాడు క్షుద్రమాంత్రికుడు మాణిక్యం. వాడి గడ్డంలో నిన్నటి ఎంగిలి మెతుకులు ఇంకా అలాగే ఉన్నాయి. వాటి మీద ఈగలు ముసురుతున్నా వాడికి పట్టలేదు.

వినీల మాటా పలుకూ లేక, తిన్నదల్లా నల్లగా కక్కుకుంటూ శల్యమైపోతుంటే డాక్టర్లు చేతులెత్తేశారు. అప్పుడు మాణిక్యమే కబురు పెట్టాడు. మీ ఇంట్లో నీళ్లలో పోయినవాళ్ల సొత్తు ఉంది, అది తెస్తేనే నీ పెళ్లాం దక్కుతుందని.

ఉన్నమాటే. నాగబాబు పూర్వీకులు ఇద్దరు, తండ్రీ కొడుకూ, నూటడెబ్బై ఏళ్ల కిందట దొరల యుద్ధనౌకలో బర్మా వెళ్లారు. అక్కడ నది సముద్రంలో కలిసేచోట ఓడ అంటుకుంటే తండ్రి మందుగుండు పీపాలను నీళ్లలోకి నెట్టి పేలకుండా కాపాడాడు. కొడుకు నదిలోకి దూకి మునుగుతున్నవాళ్లను ఒక్కొక్కరినే ఒడ్డుకు చేర్చాడు. చివరిసారి వాడు ఎంతకీ తేలలేదు. వాడి కోసం తండ్రీ దూకేశాడు. మనుషులు తిరిగి రాలేదు గానీ, రాణీగారి బొమ్మ, అంచు మీద వాళ్ల పేర్లు ఉన్న రెండు వెండి పతకాలు ఇంటికొచ్చాయి. తరతరాలుగా వాటిని విడదీయకుండా ఒకే తాడుకు గుచ్చి దేవుడి గూట్లో పెట్టుకున్నారు. తల్లి సంపూర్ణమ్మ బజారుకెళ్లిన సందు చూసి నాగబాబు వాటిని దొంగలా ఎత్తుకొచ్చాడు. కుక్కతోక పట్టుకుని గోదారి ఈదబోయాడు పాపం!

మాణిక్యం ఆ తాడును పళ్లతో కొరికి పుటుక్కున తెంపాడు. తండ్రి పతకాన్ని తన ఉమ్మితొట్టిలో పడేశాడు. కొడుకు పతకాన్ని నెత్తుట్లో ముంచి, నాలుకతో అటూ ఇటూ నాకి, పుక్కిట పెట్టుకున్నాడు. ఏం చేస్తున్నారండీ అని అడిగాడు నాగబాబు.

"నీ పెళ్లానికి మందు పెట్టించింది నేనేరా," అన్నాడు మాణిక్యం, చొంగ కార్చుకుంటూ. "లేకపోతే ఇవి గూట్లోంచి దిగుతాయా? ఆ కుర్రాడి ఆత్మను దీని ఒంట్లో కట్టేస్తా. సముద్రం అడుగున ఓడల్లో మునిగిన బంగారమంతా వాడే నాకు మోసుకొస్తాడు... దీని ఒళ్లు చివికిపోయేదాకా!"

నాగబాబు వాడి మీద పడబోయాడు. కాళ్లు నేలకు అతుక్కుపోయాయి!

"హ్రీం... క్లీం..." వికృతస్వరంతో మంత్రోచ్చారణ మొదలైంది. కపాలం కళ్లలో నీలిజ్వాలలు లేచాయి. వినీల దేహం విల్లులా వంగి, చివాలున లేచి కూర్చుంది. విరబోసుకున్న జుట్టంతా నీళ్లు ఓడుతోంది. ఆమె నోటి వెంట వచ్చింది ఒక ముసలి మగగొంతు.

"నా కొడుకేడిరా?"

మాణిక్యం మొహం పాలిపోయింది. వాడు పిలిచింది కొడుకును... వచ్చింది తండ్రి! చావులోకే కొడుకు వెంట దూకినవాడు, ఈ పీనుగు పిలిస్తే బిడ్డను ఒంటరిగా పంపుతాడా?

మాణిక్యం మరో మంత్రం ఎత్తుకోబోయాడు. మాటకు బదులు ఉప్పునీళ్లు వచ్చాయి. నోట్లోంచి, ముక్కులోంచి, చెవుల్లోంచి బురద, నాచు, మెలికలు తిరిగే పురుగులు... భళ్లున కపాలం బద్దలైంది! పొడినేల మీద గుక్క తిప్పుకోలేక, పొట్ట కుండలా ఉబ్బి, ఆ దుర్మార్గుడు మునిగి చచ్చాడు.

నాగబాబు కాళ్లకు కదలిక వచ్చింది. కానీ వినీల పెదాలు నీలంగా మారుతున్నాయి. ఆమె చెయ్యి అతని మెడ పట్టుకుంది.

"నా వంశాన పుట్టి, నా బిడ్డను తెచ్చి ఎంగిల్లో పడేశావురా. బయటికి తియ్యి. తీస్తేనే నీ ఆడమనిషిని వదుల్తా."

మాణిక్యం శవం దవడలు బిగుసుకుపోయాయి. నాగబాబు వాటిని రెండు చేతులా పెగలదీశాడు. పాచిపట్టిన పళ్లు వేళ్లను గీరాయి. చల్లని నాలుక జిగురుజిగురుగా అరచేతికి తగిలింది. పురుగులు మణికట్టు మీదికి పాకుతుంటే, భళ్లున వాంతి చేసుకుంటూనే గొంతు దాకా చెయ్యి పెట్టి కొడుకును బయటికి లాగాడు. ఉమ్మితొట్టిలో మోచేతిదాకా ముంచి తండ్రిని తీశాడు. రెండు పతకాలనూ ఒకే గుప్పిట్లో పెట్టి గుండెకు అదుముకున్నాడు.

వినీల కూలబడింది. నల్లటి ముద్దొకటి కక్కి, దీర్ఘంగా ఊపిరి తీసుకుంది. మెల్లగా కళ్లు తెరిచి మొగుణ్ని చూసింది. అతను వెక్కివెక్కి ఏడుస్తూ ఆమె చెంప నిమరబోయాడు.

"ఛీ... ఏంటండీ ఆ కంపు?" అంది వినీల, మొహం పక్కకు తిప్పుకుని. "ముందు ఆ చేతులు కడుక్కుని రండి."