నోటివంక చూడకమ్మా

పొద్దున్నే బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, కంచానికి ఎడమపక్క ఫోర్కు, కుడిపక్క చాకు పెట్టి, వంగి ఒంటికన్నుతో వరస సరిచూసుకుంటోంది కూతురు. పెద్దమనుషుల ముందు ఎలా తినాలో ఆఫీసు ఉద్యోగులకి నేర్పడం ఆమె పని. సూప్ చప్పుడు కాకుండా తాగడం, రుమాలు ఒళ్ళో పరుచుకోవడం, చాకు నాకకుండా ఉండడం. ఆకలేస్తే తినడం పుట్టిన ప్రతివాడికీ వచ్చు. ఆకలి లేనట్టు తినడం వస్తేనే జీతం పెరుగుతుందట! అందుకే ఆమెకి గిరాకీ. నేర్చుకునేవాళ్ళు చాటుగా ఆమెని ఫోర్కు మేడమ్ అంటారు.

ఆ మధ్యాహ్నం ఒక పెద్ద కంపెనీ డైరెక్టరు భోజనానికి వస్తున్నాడు. ఆయనకి నచ్చితే ఆ కంపెనీ సిబ్బందికంతా ఈమే పాఠాలు చెప్తుంది.

"అమ్మా, నువ్వు నీ గదిలో తినేయరాదూ?"

గిన్నె పట్టుకుని వంటింట్లోంచి వచ్చిన అమ్మ కూతురి మొహంకేసి చూసింది. "ఏంటే?"

"గదిలో తినేయమంటున్నా."

అమ్మ మొహం చిన్నబోయింది. వయసంతా బట్టల మిల్లులో మరమగ్గాల మధ్య నిలబడి ఈ కూతుర్ని చదివించిన మనిషి. "కొత్త మనిషితో కూర్చుని నాలుగు మాటలాడి ఎన్నాళ్ళయిందే! బుద్ధిగా ఉంటాలే."

"బుద్ధి సరే. ఎదుటివాళ్ళు తింటుంటే గుచ్చిగుచ్చి నోట్లోకి చూస్తావు చూడు, అది మానెయ్. పక్కింటావిడ ఏమందో తెలుసా? మీ అమ్మ నా పళ్ళు లెక్కపెడుతోందమ్మా అంది."

"లెక్కపెట్టడానికి ఆవిడకి ఎన్నున్నాయని?"

"నవ్వకు. ఒట్టెయ్."

"చూడను. ఒట్టు."

డైరెక్టరు వచ్చాడు. నెమ్మదస్తుడు, మర్యాద తెలిసినవాడు. అమ్మ కాసేపు తలొంచుకునే తింది. ఆయన మాట మొదలెట్టగానే ఆమె తల లేచింది. కళ్ళు ఆయన పెదాలకి అతుక్కుపోయాయి. ఆయన రుమాలుతో మూతి తుడుచుకున్నాడు. చూపు కదల్లేదు. మళ్ళీ తుడుచుకున్నాడు. గెడ్డం కూడా తుడుచుకున్నాడు. కూతురు బల్లకింద అమ్మ కాలు తొక్కింది. అమ్మ గభాలున కళ్ళు కంచంలోకి దించేసుకుంది.

సరిగ్గా అప్పుడే ఆయన మెల్లగా అన్నాడు. "మా అమ్మ ఈమధ్యే పోయిందండీ." అమ్మ ఓరగా తలెత్తింది. "అచ్చం మీలాగే ఉండేది."

అమ్మ నిండుగా నవ్వింది. "చాలా సంతోషం బాబూ. ఇంకొంచెం వేసుకోండి."

ఆయన ఫోర్కు కింద పెట్టేశాడు. పని ఉందని చెప్పి, సగం కంచం వదిలేసి వెళ్ళిపోయాడు.

కూతురు గిన్నెలు సింకులో పడేసి, వెనక్కి తిరక్కుండానే అందుకుంది. "తల్లి పోయిందంటే సంతోషమా? ఇంత ఇంగితం లేదా నీకు? రేపట్నుంచి బల్ల దగ్గరికి రాకు. నీ కంచం నీ గదికే!"

అమ్మ బల్ల మీది రొట్టెతునకలు ఏరుకుంటోంది.

"నోరు పెగలదేం? ఎంత మొండితనమే నీకు!"

వెనకనుంచి అమ్మ గొంతు హాయిగా వినిపించింది. "మంచివాడే. వాళ్ళమ్మ నాలాగే ఉంటుందటగా! ఈసారి ఆవిడ్నీ తీసుకురమ్మనవే."

కూతురి చేతిలోంచి కంచం జారి భళ్ళున పగిలింది. అమ్మ ఉలిక్కిపడలేదు. తెల్లగుడ్డ మీది రొట్టెతునకలు ఏరుకుంటూనే ఉంది.

కూతురు తిరిగి చూసింది. అప్పుడు అమ్మ తలెత్తింది. చూసింది కళ్ళలోకి కాదు, పెదాలకేసి.

"అమ్మా... ఎప్పట్నుంచి?"

అమ్మ దొరికిపోయిన పిల్లలా చీరచెంగు నలిపింది. "ఆ మగ్గాల మోతలో వినికిడి మెల్లగా పోయిందే. ఎప్పుడు పోయిందో నాకూ తెలీలేదు. పెదాలు చూస్తే మాట తెలుస్తుంది. మనుషులు కుదురుగా ఎదురుగా కూర్చునేది తినేటప్పుడే కదా. అక్కడా చూడొద్దంటే ఇంకెక్కడ చూడను?"

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే అరిచి మాట్లాడతావు. అరిచేవాళ్ళ మొహం తిడుతున్నట్టే ఉంటుంది. నాకు మిగిలింది మీ మొహాలే కదే."

మిల్లు ఆమె చెవులు తీసుకుని కూతురికి చదువిచ్చింది. ఆ చదువు ఇంటికొచ్చి, కళ్ళు కూడా దించుకోమంది. మర్యాద అంటే అదేనంది. చూడకు చూడకు అని గదిమిన ప్రతి పూటా అమ్మ ఏ మాటా వినకుండానే తిని లేచిందన్నమాట! పక్కన కూర్చున్న కూతురికి అది తట్టనే లేదు. చాకు ఏ పక్కనుందో మాత్రం చూసుకుంది.

అమ్మ కంచంలో తిండి సగం అలాగే ఉంది. కూతురు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఏడుపు తన్నుకొస్తుంటే, అమ్మ కంచంలోంచే ఇంత తీసి నోట్లో కుక్కుకుంది.

"తప్పయిపోయిందమ్మా" అంది.

అమ్మ ముందుకి వంగి, కళ్ళు చికిలించి, ఆమె పెదాలకేసి చూసింది.

"ముద్ద నోట్లో ఉంటే నాకేం తెలుస్తుందే? మింగి చెప్పు."

ఆ ముద్ద దిగడానికి చాలాసేపు పట్టింది. అమ్మ చూపు తిప్పకుండా, అలాగే కాచుకుని కూర్చుంది.