తుమ్మే టర్బో

"అమ్మాయీ, ఈ కారు తుమ్మకుండా చేయాల," అంది మునివెంకటమ్మ, జిగణిలోని ఆ మెకానిక్ షెడ్డులో అడుగు పెడుతూనే.

అర్పిత చేతిలో స్పానరు ఆగిపోయింది. మునివెంకటమ్మ వెనక ఆమె కొడుకు హేమంత్‌కుమార్ నేలచూపులు చూస్తున్నాడు. చిక్కపేటలో హార్డ్‌వేర్ అంగడి నడిపే ఈ మనిషి ఊరంతా దాటుకుని అర్పిత వాళ్ల నాన్న షెడ్డుకు రావడం రెండు నెలల్లో ఇది ఐదోసారి. వస్తున్నానని అతడు ఫోన్ చేసిన రోజున అర్పిత ఉతికిన ఓవరాలే వేసుకునేది. ఎందుకని నాన్న అడిగితే చెప్పేది కాదు.

"కారు తుమ్మడమేందమ్మా?"

"మావాడి పెళ్లిచూపులకని బయల్దేరితే చాలు, మా వీధి మలుపులోనే తు-తు-తు అంటాది. తుమ్ముతాదో ఉమ్ముతాదో తెలీదు. అపశకునమని మూడుసార్లు వెనక్కి తిరిగినాము. ఆదివారం ఆనేకల్ సంబంధం ఉండాది."

అర్పిత బానెట్ ఎత్తింది. స్పానరు కావాల్సినదానికన్నా గట్టిగానే తిప్పింది.

హేమంత్ పక్కకు చేరాడు. "ఏమీ ముట్టొద్దండీ. అంతా బాగుందని చెప్పేయండి," అన్నాడు గుసగుసగా.

"సుమ్నే ఉండండి సార్, మాట్లాడొద్దు."

ఇంజన్‌లోకి గాలిని తోసే టర్బోకీ డైవర్టర్ వాల్వ్‌కీ మధ్య స్టీలు రేకు ఒకటి కనబడింది. అంచులు ఆకురాయితో నున్నగా రుద్ది మరీ బిగించారు.

"అమ్మా, యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే లోపల మిగిలిన గాలిని ఈ వాల్వ్ పక్కదారిన పంపిస్తాది. ఎవరో ఆ దారి మూసేసినారు. గాలి తిరిగొచ్చి టర్బో చక్రాన్ని కొడతా ఉండాది. ఆ చప్పుడే మీరు వినేది. ఇట్లే వదిలేస్తే టర్బో పాడైపోతాది."

"ఎవరమ్మా ఆ పాపిష్టోడు?"

"మెల్లగా నడిపితే ఆ చప్పుడు రాదు. గట్టిగా తొక్కి టక్కున కాలు తీయాల. ఎవరు నడిపితే తుమ్ముతాది?"

మునివెంకటమ్మ కొడుకు వైపు తిరిగింది. "మీ నాయన నడిపితే ఒక్కనాడూ తుమ్మలేదే."

హేమంత్ మెడ గోక్కున్నాడు. "ఆ రేకు మొదట చప్పుడు కోసమే పెట్టినాను. ఆ తుమ్ముకు నువ్వు వెనక్కి తిరుగుతావని తర్వాత తెలిసింది. నాకు ఆ సంబంధాలు వద్దమ్మా."

అర్పితకు ఒళ్లు మండింది. "దానికి టర్బోను చంపుతారా? నోరు లేదా మీకు?"

"ఉండాది. ఇక్కడికి వస్తేనే పడిపోతాది." అతడు మొదటిసారి తలెత్తి ఆమె కళ్లలోకి చూశాడు. "నాలుగుసార్లూ నీతో చెప్దామనే వచ్చినాను అర్పితా. నాలుగుసార్లూ ఆయిల్ మార్చమని చెప్పి పోయినాను."

అర్పిత చేతిలోంచి బోల్టు జారి ఇంజన్ సందులో పడింది. వెతుకుతున్నట్టు ముఖం లోపల దాచుకుంది.

మునివెంకటమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. పాత టైరు మీద తీరిగ్గా కూర్చుంది.

"వీడి అబద్ధం పట్టుకునే మనిషి ఇన్నాళ్లకు దొరికింది. నీకు ఇష్టముంటేనే చెప్పు తల్లీ. లేకుంటే మేము ఆనేకల్‌కు పోతాము."

బోల్టు దొరికింది. అయినా అర్పిత వెంటనే తల ఎత్తలేదు.

"ఆనేకల్‌కు వద్దమ్మా," అంది చివరికి. "ఆదివారం మా ఇంటికి రండి. నాన్న ఉంటాడు."

మునివెంకటమ్మ అక్కడే ఫోన్ తీసి ఆనేకల్‌కు కలిపింది. "మాకు ఇంకోచోట కుదిరేట్టుండాదప్పా, ఏమనుకోవద్దు," అంది. అవతలివాళ్లు ఏదో అడిగారు. ఆమె అర్పిత నూనె చేతుల వైపు చూసి నవ్వింది.

"పిల్ల ఏం చేస్తాదా? మావాడిని రిపేరు చేస్తాది."