అల్‌హమ్దులిల్లా లెక్క

"నూటికి ఎనభై మందికి ఆన్‌లైన్ క్లాసులు తెగ నచ్చేశాయి బాషా!" అని అచ్చిబాబు అనగానే, పక్కన మజ్జిగ తాగుతున్న అమ్మాయికి నవ్వొచ్చి పొలమారింది.

గల్ఫ్‌లో సల్వా అనే పేటలో జిలానీ బాషా కిరాణా కొట్టు, శుక్రవారం మధ్యాహ్నం. అమలాపురం అచ్చిబాబు ఒక సర్వే ఆఫీసులో ఉద్యోగి. ఆన్‌లైన్ చదువుల మీద జనం అరబ్బీలో పెట్టిన ఆరొందల పోస్టుల్లో మెచ్చుకున్నవెన్నో, తిట్టినవెన్నో తేల్చాలి. నెలాఖరుకు లెక్క సరిగ్గా ఇస్తేనే ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా రెన్యువల్. లేదంటే ఇంటికే.

"ఎందుకండీ ఆ నవ్వు?"

"ఎట్ల లెక్కేసినావు సారూ?"

"అరబ్బీ రాదు కదండి. గుర్తుపట్టేది ఒక్క మాటే. దేవుడి దయ అని చెప్పే అల్‌హమ్దులిల్లా ఉంటే మెచ్చుకున్నట్టే. ఆయ్!"

"మా యజమానమ్మ, మామా అంటాము, ఏసీ చెడిపోయినా అల్‌హమ్దులిల్లానే అంటాది!"

ఆమె చంద్రిక, రాయచోటి పిల్ల. ఆ వీధిలోనే ఒక ఇంట్లో పని. అతని ఫోన్ లాక్కుని గబగబా చదివింది. "'నెట్ రాలేదు, బిడ్డ ఏడ్చింది, నేనూ ఏడ్చినా, అల్‌హమ్దులిల్లా.' ఇది మెచ్చుకోడమా?"

అచ్చిబాబు నోరెళ్లబెట్టాడు. "చదవడం ఎక్కడ నేర్చుకున్నారండీ?"

"ఆన్‌లైన్‌లోనే! కరోనాప్పుడు మామా కూతురు ఒకటో తరగతి. అది ట్యాబ్ ముందర నిద్రపోయేది. జవాబులు నేను రాసేదాన్ని."

"అయితే మళ్లీ మొదట్నుంచి చూద్దామండి."

"ఆరొందలూనా?"

"ఆరొందలూనండి!"

పంతం పట్టాడు. నాలుగు శుక్రవారాలు కొట్టు ముందు స్టూళ్లు కదల్లేదు. మూడో వారానికి అచ్చిబాబు కావాలనే తప్పు చెప్పేవాడు. ఆమె విసుక్కుంటే బాగుంటుంది మరి. ఆ సంగతి కనిపెట్టిన బాషా టీ పోస్తూ ముసిముసిగా నవ్వేవాడు.

చివరికి మెచ్చుకున్నవి నూటికి ముప్పై ఐదే తేలాయి. రిపోర్టు మీద 'చదివినది చంద్రిక' అని ఉండడం చూసి, ఆమె ఎవరని అడిగి మేనేజరు మొహం చిట్లించాడు. పనిమనిషి పేరు తీసెయ్యమన్నాడు.

"ఆ పేరు తీస్తే ఈ లెక్క ఇవ్వను సార్" అన్నాడు అచ్చిబాబు. ఇఖామా గుర్తొచ్చింది, అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

మేనేజరు పది పోస్టులు తనే చదివి చూసుకున్నాడు. పదీ సరిపోయాయి. రిపోర్టు మీదా, ఇఖామా కాగితం మీదా సంతకం పెట్టాడు.

మరుసటి శుక్రవారం అచ్చిబాబు చంద్రిక ముందు ఒక చీటీ పెట్టాడు. "ఇంకొక్కటి మిగిలిపోయిందండి."

ఆమె ఆ వంకర టింకర అరబ్బీ అక్షరాలు కూడబలుక్కుంది. "'రాయచోటి అమ్మాయిని పెళ్లి చేసుకోవాలనుంది. ఒప్పుకుంటుందా?'" చెవులదాకా ఎర్రబడింది. "ఫోన్‌లో చూసి రాసినావు కదా. అన్నీ తప్పులే."

"తర్వాత దిద్దుదురుగాని. ముందు జవాబు చెప్పండి!"

బాషా దగ్గర పెన్ను తీసుకుని ఆమె ఒక్క మాట రాసింది. అల్‌హమ్దులిల్లా.

"ఇది ఏ లెక్కలో వేసుకోనండీ?" అచ్చిబాబు చీటీని అటూ ఇటూ తిప్పాడు.

"కింద మా నాయన నంబర్ రాసినా, సూడు. ఆయన్నే అడుగు."