ఎర్రగాజు ఎవరిది?

ఆ ఏడాది గుంటూరు మిర్చి గోదాముల్లో తొడిమలు తీసే ఆడవాళ్ళలో చాలామంది ఎడమచేతికి ఒక ఆకుపచ్చ గాజు ఉండేది. చూడటానికి మామూలు మట్టిగాజే. కాకపోతే దాని లోపల తలవెంట్రుక కన్నా సన్నని సెన్సర్లు ఉన్నాయి. అవి చర్మంలోకి సన్నటి వెలుతురు పంపి, నాడి నడకను క్షణం క్షణం చదువుతాయి. గుండె కండరానికి రక్తం చాలడం లేదని తేలితే గాజు మెల్లగా ఎర్రబడుతుంది. ఆ వెంటనే ‘గుండెతోడు’ ట్రస్టు ఆఫీసుకు సిగ్నల్ వెళుతుంది. అరగంటలో ఇంటి ముందు అంబులెన్స్ ఉంటుంది. పరీక్షలు, స్టెంట్లు, మందులు అన్నీ దాతలు చూసుకుంటారు.

ఈ గాజును కనిపెట్టింది డాక్టర్ సువర్చల. ఆడవాళ్ళు గుండెనొప్పిని గ్యాస్ అనో, అలసట అనో, మిరప ఘాటు అనో సరిపెట్టుకుని ఆసుపత్రి గడప తొక్కరని ఆవిడ బాధ. క్యాంపు పెడితే రారు. వాచీ ఇస్తే తెల్లారేసరికి కొడుకు చేతికి ఉంటుంది. గాజైతే తియ్యరు కదా అనుకుంది. అంతవరకూ ఆవిడ ఆలోచన బాగానే ఉంది. పైగా వాళ్ళే అడిగారని అందులో పేరు లేకుండా చేసింది. గుండెజబ్బని బయటపడితే పిల్లలకు సంబంధాలు రావని వాళ్ళ భయం. అందుకని సిగ్నల్‌లో ఇల్లు ఎక్కడో తెలుస్తుంది గాని, మనిషి ఎవరో తెలియదు.

ఆరునెలలు గడిచాక సువర్చల ట్రస్టు ఆసుపత్రికి ఎంతో ఉత్సాహంగా వచ్చింది. మగవాళ్ళ వార్డు కిటకిటలాడుతోంది. ఆడవాళ్ళ వార్డులో మడత విప్పని దుప్పట్లు, ఖాళీ మంచాలు, ఒక మంచం మీద నర్సు టిఫిన్ డబ్బా కనిపించాయి. కంప్యూటర్ తెరిచి చూస్తే రెండువందల పధ్నాలుగు గాజులు ఎర్రబడ్డాయి. అంబులెన్స్‌లో వచ్చినవాళ్ళలో ఐదుగురు తప్ప అందరూ మగవాళ్ళే. అందులో చాలామంది గుండెలు భేషుగ్గా ఉన్నాయి.

సువర్చల రెండురోజులు తిండి మానేసి సెన్సర్లన్నీ పరీక్షించింది. ఒక్కటీ తప్పు చెప్పడం లేదు.

“ఇప్పుడు ఎర్రగా ఉన్న గాజు ఏదైనా ఉందా?” అని రాహేలును అడిగింది.

రాహేలు పదిహేనేళ్ళు తొడిమలు తీసి, ఆపైన ట్రస్టులో చేరిన మనిషి. నాలుగు వేల గాజులూ తన చేత్తోనే తొడిగింది, ఏ ఇల్లు ఎవరిదో ఆమెకు తెలుసు.

“అంకమ్మది ఉంది డాక్టరమ్మా. ఇప్పుడే ఎర్రబడింది. ఇది మూడోసారి.”

సువర్చల రీడింగు చూసింది. రక్తనాళం దాదాపు మూసుకుపోయిన గుండె అది. రేపటిదాకా ఆగుతుందన్న నమ్మకం లేదు. అంబులెన్స్‌ను వెంటబెట్టుకుని ఇద్దరూ బయలుదేరారు.

అంకమ్మ ఇల్లు గోదాము వెనక వీధిలో ఉంది. వాకిట్లో నులకమంచం మీద ఆమె భర్త పేరయ్య దిగాలుగా కూర్చున్నాడు. అంకమ్మ పక్కన నిలబడి విసురుతోంది. ఆమె నుదుట చెమట కారుతోంది. మణికట్టు దగ్గర గాజు పండు మిరపకాయలాగా ఎర్రగా ఉంది.

“మళ్ళీ ఈయన్నే తీసుకుపోతారా?” అంది అంకమ్మ. “పోయినసారి ఏం లేదని పంపించారు. ఉప్పు లేకుండా వండుతున్నా, మేడ మెట్లు ఎక్కనివ్వట్లా. అయినా ఇదిగో, మళ్ళీ ఎర్రబడింది.”

సువర్చల ఆమె మణికట్టు వైపు చూపించింది.

“ఆ గాజు ఎవరి గుండె సంగతి చెబుతోందమ్మా?”

“ఇంకెవరిది? మా ఇంటాయనది.”

“ఉన్నది నీ చేతికి కదా!”

“నా చేతికి కాకపోతే ఆయన చేతికి ఉంటదా? ఆడదాని చేతికి గాజులు ఎవరికోసం డాక్టరమ్మా?” అంది అంకమ్మ, ఇంత చదువుకుని ఇదేం ప్రశ్న అన్నట్టు.

సువర్చల రాహేలు వైపు తిరిగింది. “నువ్వు వీళ్ళకు చెప్పలేదా?”

“అందరికీ చెప్పానమ్మా. అందరూ తలూపారు.”

సువర్చల నాడి అంటే ఏమిటో, వెలుతురు అంటే ఏమిటో ఓపిగ్గా వివరించింది. అంకమ్మ శ్రద్ధగా విని, “మీరు చెప్పింది నిజమే కావచ్చు. నాకైతే ఏమీ లేదు, పని చేసుకుంటున్నాగా” అని మళ్ళీ విసనకర్ర అందుకుంది.

రాహేలు ఇక ఊరుకోలేకపోయింది. సంచిలోంచి కొత్త గాజు తీసి, తన బోసిచేతికి ఎక్కించుకుంది. అప్పుడు గాని ఆ చెయ్యి బోసిగా ఉందన్న సంగతి సువర్చల గమనించలేదు. ఆరునెలలుగా కలిసి పనిచేస్తున్నారు. గాజులు వేసుకోని ఆడవాళ్ళ గుండెల గురించి తనకు తట్టనేలేదని తలుచుకుంటే సిగ్గేసింది.

కాసేపటికి రాహేలు చేతి గాజు ఆకుపచ్చగా వెలిగింది.

“చూడు అంకమ్మా. మా ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. మరి ఇది ఎవరి గుండె చెబుతోంది?”

అంకమ్మ ఆ గాజును పట్టుకుని చూసింది. ఆమె ముఖం విప్పారింది.

“ఏ లోకాన ఉన్నాడో, చల్లగా ఉన్నాడక్కా మీ ఆయన. నాకు చాలా సంతోషం.”

అంతటి సువర్చలకూ ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రాహేలు మాత్రం ఆ గాజు తియ్యలేదు.

ఇదంతా వింటున్న పేరయ్య ఎప్పుడు లేచాడో, సువర్చల పక్కకు వచ్చి నెమ్మదిగా అడిగాడు.

“నిజంగా దానికేనా అమ్మా?”

“అవునయ్యా. ఇవాళే తీసుకెళ్ళాలి.”

పేరయ్య నేలచూపులు చూశాడు. “కుళాయి కాడనుంచి వచ్చేలోపు బిందె దించి రెండుసార్లు ఆగుద్ది. కారం ఘాటనుకున్నా. నన్ను రెండుసార్లు ఆసుపత్రికి మోయించింది గానీ...” అంటూ అంకమ్మ వైపు ఒకసారి చూశాడు. మంచం దగ్గరకు నడిచి, ఉన్నట్టుండి గుండె పట్టుకుని కూలబడ్డాడు.

“అంకమ్మా, నొప్పిగా ఉందే.”

అంకమ్మ చేతిలో విసనకర్ర జారిపోయింది. పేరయ్య అంబులెన్స్ ఎక్కి, “నువ్వు రాకపోతే నేను పోను” అని మొండికేశాడు. ఆమె పరుగున ఎక్కబోతే రాహేలు రెక్క పట్టుకుని, “పరిగెత్తమాక” అని నిదానంగా ఎక్కించింది.

“అటెండెంట్‌కి కూడా పరీక్ష చేస్తేనే లోపలికి రానిస్తారు” అని రాహేలు దారిలో చెప్పింది. అప్పటిదాకా అలాంటి రూలు లేదు. సువర్చల కాదనలేదు.

పరీక్షలో పెద్ద రక్తనాళం నూటికి తొంభై వంతులు మూసుకుపోయిందని తేలింది. స్టెంట్ వెయ్యాలని సువర్చల ఏదీ దాచకుండా చెప్పింది.

“ఆయనకు వండిపెట్టాలంటే నేను నిలబడాలిగా, కానివ్వండి” అని అంకమ్మ వేలిముద్ర వేసింది. గాజు మాత్రం తియ్యనివ్వలేదు. కుడిచేతినుంచి స్టెంట్ వేశారు.

ఆ తరవాత ‘గుండెతోడు’ అంబులెన్స్ డ్రైవర్లు ఏ గుమ్మం ముందు ఆగినా రోగి ఎవరని అడగడం మానేశారు. అటెండెంట్ ఎవరని అడిగి, ఆ మనిషిని జాగ్రత్తగా ఎక్కించుకుని వచ్చేవారు. నెల తిరక్కుండా ఆడవాళ్ళ వార్డు నిండింది. మంచాలకు వేలాడే కాగితాల మీద రోగి అన్నచోట భర్త పేరే ఉండేది. దాతల సభలో ట్రస్టు అధ్యక్షుడు ఇంతమంది మగవాళ్ళను కాపాడుకున్నామని చదివితే అందరూ చప్పట్లు కొట్టారు. చివరి వరసలో కూర్చున్న సువర్చల కూడా కొట్టింది. ఒంటరి ఆడవాళ్ళ కోసం ఏం తయారు చెయ్యాలో రాహేలును అడిగి రాసుకున్న కాగితం ఆవిడ ఒళ్ళో ఉంది.

అదంతా తరవాతి సంగతి. స్టెంట్ వేసిన సాయంత్రం అంకమ్మ కళ్ళు తెరిచేసరికి పేరయ్య ఆమె పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె ముందు తన ఎడమచెయ్యి ఎత్తి చూసుకుంది. గాజు ఆకుపచ్చగా మారింది.

“హమ్మయ్య,” అంది నీరసంగా. “గండం గడిచింది. ఇంక నీకేం భయంలేదు మావా.”

ఇప్పుడైనా అర్థమయ్యేలా చెబుదామని సువర్చల నోరు తెరవబోయింది. పేరయ్య వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. తరవాత అదే చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

“అవునే,” అన్నాడు. “నా గండం గడిచింది.”