కందుల గోదాము నుంచి పిలిచిన గొంతు

కల్మల ఊరికి పోయే రోడ్డుకు ఎడమ పక్క ఒక రేకుల గోదాము ఉంది చూడు... మాపటిపూట దాని ముందర ఎవ్వరూ ఆగరు. బండి పంక్చరయితే తోసుకుంట పోతరు గాని ఆడ మాత్రం నిలవడరు.

ఆ గోదాము పిలుస్తదంట. ఉత్తగ పిలుసుడు కాదు — మన పేరు పెట్టి, మన ఇంటి మనిషి గొంతుతోని పిలుస్తదంట. పలికినవా... నీ పని అయిపోయినట్టే.

ఎనకట ఆడ కందుల బస్తాలు మీద పడి హులిగెమ్మని ఒక కూలామె నలిగి చచ్చింది. అది నిజం. అప్పటిసంది పిలుపులు మొదలైనయంటరు. అది నిజమో అబద్ధమో దేవునికే ఎరుక.

నన్ను మంజమ్మ అంటరు. గంజ్ మార్కెట్ గేటు కాడ మిర్చి బజ్జీల బండి నాది. ఇది నేను కండ్లార చూసింది కాదు, మా వాడకట్టుల ఉండే యంకవ్వ చెప్పింది. ఒక్కసారే చెప్పింది. మల్లొకసారి చెప్పమని అడిగే ధైర్యం నాకు లేదు. నడుమ నడుమ నాకు కోపమొస్తే తిడత. ఏమనుకోకు.

యంకవ్వకు ఇద్దరు కొడుకులు. పెద్దోడు భీమేశ్, బియ్యం మిల్లుల హమాలి. చిన్నోడు వీరేశ్. తండ్రి పోయినప్పుడు చిన్నోనికి నడక గూడ సరిగ రాలె. వాన్ని భుజమ్మీద ఏసుకొని సాకింది పెద్దోడే. తిండి తినిపిచ్చిండు, బడికి తోలిండు, తప్పు చేస్తే రెండు తగిలిచ్చిండు. తమ్ముడంటే వానికి పానం.

ఆ వీరేశ్ రామలింగయ్య దగ్గర పనికి పోతుండె. రామలింగయ్య ఇండ్లల్ల చెదలకు, నల్లులకు, గోదాములల్ల పురుగుకు మందు పెట్టే కంట్రాక్టరు. కంట్రాక్టరని పేరు పెద్దది... లైసెన్స్ లేదు, పాడు లేదు. లైసెన్స్ కావాలంటే చదువుండాలె, ట్రైనింగ్ ఉండాలె, ఆఫీసర్లొచ్చి జాగ చూడాలె. గా తిప్పలన్నీ ఎవడు పడతడు? ఒక స్కూటరు, ముందర మందు డబ్బా, మూతికి టవల్ కట్టుకున్న ఒక పోరడు. గదే వాని కంపెనీ.

అయినా వానికే పని మస్తు. ఎందుకంటే లైసెన్స్ ఉన్న కంపెనీ ఎంతంటే వాడు దాంట్ల సగం అంటడు. సావుకార్లకు ఇంకేం గావాలె! "లైసెన్స్ చూపియ్యమని పురుగేమన్నా అడుగుతదా సావుకారూ?" అని వాడంటే, ఆళ్లు పొట్ట పట్టుకొని నవ్వేటోళ్లు. ఆళ్ల నవ్వులల్ల నిప్పులు పొయ్య.

"ఆ మందు పని ఇడిచిపెట్టురా తమ్మీ, నాతోని మిల్లుకు రా" అని భీమేశ్ ఎన్నిసార్లో చెప్పిండు. వీరేశ్ నవ్వేటోడు. "బస్తాలు మోసి మోసి నీ నడుము వంగింది, నాది గూడ వంగాల్నా?" అనేటోడు.

ఆ దినం పొద్దుగాల వీరేశ్ చాయ్ తాగుకుంట చెప్పిండు — "గిల్లేసూగూరు మిల్లుల పనుందే అవ్వా, రాత్రికి లేటయితది." ఆ మాట భీమేశ్ గూడ ఇన్నడు.

చీకటి పడ్డంక భీమేశ్ కల్మల నుంచి ఇంటికొస్తుండు. ఆటో దొరకలె. కరెంటు లేదు. నడుసుకుంట వస్తుండు. గోదాము రేకులు కండ్లకు ఆనంగనే నడక నెమ్మదయింది.

భయస్తుడేం కాదు. క్వింటాలు బస్తా వీపు మీదేసుకొని మెట్లెక్కేటోడు. కాని చిన్నప్పట్నుంచి అవ్వ చెప్పిన మాట వాని రక్తంల ఉంది. చీకట్ల ఎవరన్నా పేరు పెట్టి పిలిస్తే పలకొద్దు బిడ్డా. మన మనిషే అయితే ఎదురుంగ వచ్చి నిలవడతడు. కండ్లకు కనపడకుంట పిలిచేది మన మనిషి కాదు.

ధైర్యానికి గట్టిగ "ఆంజనేయా... ఆంజనేయా..." అనుకుంట, తల వంచుకొని నడుస్తుండు.

"అన్నా..."

వాడు ఆగలె. గాలి అనుకున్నడు.

"భీమన్నా..."

వీరేశ్ గొంతు! అచ్చం వీరేశ్ గొంతే... కాని సన్నగ, గొంతుల ఏందో అడ్డంబడ్డట్టు. రేకుల అవుతల నుంచి వస్తుంది.

వీరేశ్ గిల్లేసూగూర్ల ఉన్నడు గద... మరి ఇదెవరు?

ఠక్... ఠక్... లోపల్నుంచి ఇనుప దర్వాజ మీద కొడుతున్న సప్పుడు. దాని ఎంబడే ఒక వాసన. కుళ్లిన వెల్లుల్లి వాసన. ఆ వాసన భీమేశ్‌కు ఎరికే. పని నుంచి వచ్చిన తమ్ముని అంగీ విప్పితే గదే వాసనొస్తది.

భీమేశ్ ఒక అడుగు ఎనకకేసిండు. ఓరి దేవుడా... దీనికి మా తమ్ముని గొంతే గాదు, ఒంటి వాసన గూడ వచ్చెనే!

"నీ గొంతు ఇన్ననే అన్నా... నువ్వే గద... జర... తియ్యే..."

"ఎదురుంగ రా!" అని అరవబోయిండు. అరిస్తే పలికినట్టే గద! రెండు చేతుల్తోని నోరు మూసుకున్నడు.

లోపల దగ్గు. ఊపిరందని దగ్గు. ఆ ఎనక ఏడుపు.

"పోతున్నవా... పోకే అన్నా... పోకే..."

ఇగ వాని వల్ల కాలె. చెవుల్ల ఏళ్లు పెట్టుకొని ఉరికిండు. కంకర మీద పడ్డడు, లేసిండు, మల్ల ఉరికిండు. ఎనకకు చూడలె. చూస్తే పట్టుకుంటదని ఎవరికి తెల్వదు?

ఇంటికొచ్చి గడప మీద కూలబడ్డడు. మోకాళ్ల తోలు లేసి రక్తం. యంకవ్వ దీపం పట్టుకొని ఉరికొచ్చింది.

"ఏమాయెరా?"

"పిలిచిందే అవ్వా... కందుల గోదాము..."

"పలికినవా?"

"పలకలె."

యంకవ్వ కొడుకు తల పొట్టకు ఒత్తుకుంది. "నా బంగారు కొండ! నా మాట మరువలె. బతికినవు" అని, ఉప్పు, ఎండు మిరపకాయలు తెచ్చి దిష్టి తీసింది. మిరపకాయలు పొయ్యిల ఏస్తే ఇల్లంత ఘాటు. పక్కింటోళ్లు గూడ దగ్గుకుంట వచ్చి కూసున్నరు.

"ఎవరి గొంతు పెట్టిందిరా?" అని అవ్వ అడిగింది.

"మన వీరేశ్‌దే! నమ్మవు, అచ్చం వాడే..."

యంకవ్వకు చెడ్డ కోపమొచ్చింది. నా సిన్న కొడుకు గొంతు పెడతదా అని గడప దాటి, కల్మల దిక్కు తిరిగి, పిడికెడు మన్ను ఎత్తి పోసింది.

"నీ నోరు పడిపోను! నా కొడుకు గొంతు నీకెందుకే? ఆడ్నే గుక్క తిరగక సావు!"

అందరు మంచిగ తిట్టినవన్నరు. భీమేశ్‌కు గూడ జర పానం కుదుటపడ్డది. రెండు ముద్దలు పోయినంక నవ్వొచ్చింది. "పోకే అన్నా... పోకే..." అని ఆ గొంతు పెట్టి చూపిచ్చిండు. పక్కింటోళ్లు ఒకల మీద ఒకలు పడి నవ్విన్రు. వీరేశ్ వస్తే వానికి గూడ చూపియ్యాలె అన్నరు. యంకవ్వ వానికోసం జొన్నరొట్టెలు మూట కట్టి పక్కకు పెట్టింది.

గప్పుడొచ్చిండు రామలింగయ్య. స్కూటరు వాడకట్టు మూలకే ఆపి, నడుసుకుంట వచ్చిండు. ముఖంల నెత్తురు చుక్క లేదు.

"యంకవ్వా... వీరేశ్ ఇంటికొచ్చిండా?"

"నన్నడుగుతవేంది? నీ ఎంబడే గద గిల్లేసూగూరు పోయిండు."

వాడు స్కూటరు దిక్కు ఒకసారి చూసిండు.

"ఆ పని... రేపటికి ఏసిన్రు. మధ్యాహ్నం విజయకుమార్ సావుకారు ఫోన్ చేసిండు. కందులకు పురుగు పట్టింది, లైసెన్సోళ్లు మస్తు రేటు చెప్తున్నరు, నువ్వే జల్ది రమ్మన్నడు. గోదాముకు పోయినం."

"ఏ గోదాముకు?" భీమేశ్ చేతిల ముద్ద చేతిల్నే ఉంది.

"గదే... కల్మల తోవల."

వాడే చెప్పుకుంట పోయిండు.

"పొద్దుగూకంగ బస్తాల నడుమ గ్యాసు ఇడిచే మందు గోలీలు పెడుతుంటె రోడ్డు మీద సర్కారు జీపు ఆగినట్టు అనిపిచ్చింది. లైసెన్స్ లేకుంట దొరికితే నా బతుకేంగావాలె? నేను బయటికురికి దర్వాజ మూసి ఎల్లిపోయిన. వీరేశ్ నాకన్న ముందే బయటపడ్డడనుకున్న... మల్ల పోయి చూస్తే వాని బండి గోదాము ఎనకనే ఉంది. అంగీ, ఫోను దాని మీదనే ఉన్నయి."

"తీసి చూడలేదారా?" యంకవ్వ గొంతు గుసగుస లెక్క వచ్చింది.

"తీస్తే గ్యాసంత పోతది గద... సరుకుకు మల్ల మందు పెట్టాలె, సావుకారు ఒప్పుకోడు. ముందుగాల ఇంట్ల ఉన్నడేమో అడుగుదామని..."

భీమేశ్ లేసిండు. వాని గల్ల పట్టుకున్నడు.

"తాళంచెవి ఇయ్యి."

"అన్నా..."

"తాళంచెవి ఇయ్యరా!"

"తాళమెక్కడిదన్నా? సగం రేటుకు తాళాలు, సీళ్లు ఎవడేస్తడు? బయట గొళ్లెం పెట్టిన, గంతే. తోవల పోయేటోడు ఎవడన్నా తియ్యొచ్చు."

అట్లని, తన తప్పేం లేదన్నట్టు, ఖాళీ చేతులు రెండు చాపి చూపిచ్చిండంట.